బట్టీ జాగాలో పార్కు కోసం

మా వీధి చివర నూనె మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. యంత్రాలు ఎవరో పట్టుకుపోయారు, కప్పు రేకులు గాలికి పోయాయి. మిగిలిన రెండెకరాల్లో తుమ్మలు, జిల్లేళ్ళు, వీధివాళ్ళు పారబోసే చెత్త. అక్కడ లారీల అడ్డా వస్తుందని తెలిసిన రోజు, పది మంది తల్లులను వెంటబెట్టుకుని మునిసిపల్ కమిషనరు గారి దగ్గరకు వెళ్ళాను. నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఆ జాగా మాకిస్తే చెట్లు పెంచి పార్కు చేసుకుంటామన్నాను. ఆయన మర్యాదగానే విన్నారు.

"ఇలా పెంచి, ఏళ్ళ తరబడి కాపాడుకుంటున్న బస్తీ ఒక్కటి చూసి రండమ్మా. ఆ జాగా ఎవరిది, ఎవరు మొదలుపెట్టారు, ఎవరు నీళ్ళు పోస్తున్నారు, ఈ మూడు సంగతులూ రాసి, మీవైపు పార్కు కావాలన్నవాళ్ళ పేర్లు జతచేసి సోమవారం మీటింగుకు తెండి. అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు.

మా బళ్ళో గ్రేసు టీచరు అన్నగారు డేవిడ్ హైదరాబాదులో ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆయన ఉండే లాల్‌దర్వాజాలో, మూతపడిన సున్నం బట్టీ జాగాను బస్తీవాళ్ళే పార్కు చేశారని గ్రేసు ఎప్పుడో చెప్పింది. కార్డు రాస్తే నాలుగో రోజుకల్లా జవాబు వచ్చింది. "తప్పక రండి. శనివారం ఫలక్‌నుమా స్టేషనుకు నేనే వస్తాను. మా పార్కు చూస్తే మీ సందేహాలన్నీ తీరిపోతాయి."

ఆ కార్డు నా దగ్గర ఇంకా ఉంది. సందేహాలు మాత్రం తీరలేదు.

శుక్రవారం సాయంత్రం మా వీధి నర్సమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక ఐదు మేకల మీద బతుకుతోంది. ఆ మేకలు మేసేది మిల్లు జాగాలోనే. కమిషనరు దగ్గరకు రమ్మంటే రానన్నది ఈవిడొక్కతే.

"నేను గూడ వస్త టీచరమ్మా. పార్కయితే నా మేకలు యాడ మేయాలె? ఆడ గొడ్లున్నోళ్ళను ఏం జేసిన్రో నా కండ్లతోని నేను జూడాలె."

ఒంటరిగా వెళ్ళడం లేదని మా ఆయన సంతోషించారు. ఎదుటి పక్షాన్ని వెంటబెట్టుకుని బయలుదేరుతున్నానని నాకు అనిపించింది.

మా స్టేషన్లో ప్యాసింజరు వేళ ఆరుకు పది నిమిషాలు తక్కువ. ఆ రోజు ఆరూ ఇరవైకి వచ్చింది. మీటరుగేజీ బండి, బొగ్గు ఇంజను. కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో నలుసులు పడతాయి కనుక వెళ్ళేవాళ్ళు లోపలి సీటు చూసుకోవడం మంచిది. ఆడవాళ్ళ పెట్టెలో సగం సీతాఫలాల గంపలే. షాద్‌నగర్ దాటాక నర్సమ్మ మూట విప్పి జొన్నరొట్టె, ఉల్లికారం పెట్టింది. ఎదురుగా గంప మీద చెయ్యి వేసుకుని కూర్చున్న ఒకామె ఎక్కడికని అడిగింది. పార్కు చూడటానికని చెప్పాను.

"అండ్ల ఏం కాస్తది?"

"ఏమీ కాయదమ్మా. కూర్చోవడానికి, గాలికి."

"కూసునెతందుకు పట్నం దాంక పోతున్నరా?" అని ఆమె నర్సమ్మ వైపు చూసింది. నర్సమ్మ రొట్టె నములుతూ, నాకేం తెలుసన్నట్టు చెయ్యి తిప్పింది.

తొమ్మిదీ నలభైకి ఫలక్‌నుమాలో దిగాం. డేవిడ్ గారు రాలేదు. పదింబావు దాకా చూసి, కార్డు మీది చిరునామానే నమ్ముకుని రిక్షా ఎక్కాం. అక్కడే నేను మొదటి తప్పు చేశాను. పార్కుకు పోవాలన్నాను.

"పార్క్ బోల్తే? బాగ్?" అన్నాడు రిక్షా అతను.

"అవును, బాగ్" అన్నాను, తోటే కదా అని.

ఇరవై నిమిషాలు సందుల్లో తొక్కాడు. గాజుల దుకాణాలు, బట్టల దుకాణాలు, ఒక చోట ఇత్తడి గిన్నెలకు కళాయి వేస్తున్న పొగ. చివరికి రెండు ఎత్తయిన గోడల మధ్య ఆపి, వచ్చేశాం దిగమన్నాడు. ఎటు చూసినా ఇళ్ళే. ఒక మేడ మీద చీరలు ఆరేసి ఉన్నాయి. ఆకుపచ్చగా కనిపించింది అందులో ఒక చీర మాత్రమే.

"చెట్లేవి భాయ్?"

"చెట్లు మా దాదా జమానాల ఉండె అమ్మా. ఇప్పుడు పేరొక్కటే మిగిలింది. ఈ తరఫ్ గిసొంటి బాగులు నాలుగున్నయ్. మీకేది కావాలె?"

అతను మోసం చేయలేదు, నేను అడిగిన చోటికే తెచ్చాడు. కార్డు తీసి సున్నం బట్టీ అని చదివాను. "చూనే కీ భట్టీ! ముందుగాల్నే గట్ల చెప్పాలె గద!" అని రిక్షా తిప్పాడు. ఇంకో అర్ధరూపాయి ఇచ్చాను. పొరపాటు నాది.

పదకొండు దాటాక, ఒక సందు చివర సగం కూలిన ప్రహరీ దగ్గర దిగాం. లోపలికి తొంగి చూసి నేను ఆగిపోయాను. పూలమొక్కలు లేవు, బెంచీలు లేవు, గేటు లేదు, బోర్డు లేదు. మధ్యలో రాతితో కట్టిన గుండ్రటి బట్టీ, దాని పగుళ్ళలో చిలకల అరుపులు. నలువైపులా వేపలు, కానుగలు, సీతాఫలం చెట్లు, మనిషెత్తున కొన్ని, అంతకు రెండింతలు కొన్ని. ప్రతి మొదలు చుట్టూ ముళ్ళకంప. ఒక మూల ఒకప్పుడు సున్నం తడిపే గుంట. వానలకు నిండి, దాని మీద తూనీగలు తిరుగుతున్నాయి. మెడల దాకా నీళ్ళలో మునిగి ఆరేడు బర్రెలు. ఒక బర్రె వీపు మీద తెల్లకొంగ.

గట్టు మీద నలభై ఏళ్ళ ఆమె గడ్డి కోస్తోంది. పార్కు ఎక్కడమ్మా అని అడిగాను.

"పార్కు గీర్కు ఏం లేదక్కా ఈడ. ఇది బట్టీ జాగ. మా బర్లు మేస్తయ్."

నర్సమ్మ నావైపు తిరిగి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. డేవిడ్ గారు కార్డు రాశారని చెప్పాను.

"ఓ, డేవిడన్ననా! ఆయన పార్కంటడు, మేం జాగ అంటం. ఆయనకు డ్యూటీ మారింది. రెండు కొట్టినంక వస్తడు. టేషన్‌కు పొమ్మని నాకే చెప్పిండు, నేనే మర్సిన. ఏమనుకోకు. రాండ్రి, నీడల కూసోండ్రి."

ఆమె పేరు మల్లమ్మ. బట్టీ వెనక సందులో నాలుగైదు పాల వ్యాపారం ఇళ్ళున్నాయి, ఒకటి వాళ్ళది. తెల్లవారుజామున పాలు పోసి వచ్చాక ఆమె రోజంతా ఇక్కడే ఉంటుందట. నేల గీరి చూశాను. వేలెడు లోతు నల్లమట్టి, దాని కింద తెల్లగా సున్నపు పొర. ఇలాంటి నేలలో లేత మొక్క బతకడం కష్టం. ఎలా పెరిగాయని అడిగాను.

"పేడ అక్కా. నాలుగేండ్లు వోసినం."

"మొక్కలు మీరే నాటారా?"

"డేవిడన్న పెట్టిండు. ఎండినయ్. మల్ల పెట్టిండు. మల్ల ఎండినయ్. గప్పుడు నాకు కోపమొచ్చి పేడ వోసిన."

"కోపమెందుకు?"

"ఎండిన మొక్క దినాం కండ్ల ముందట కనవడ్తుంటె కోపం రాదా?"

నోట్‌బుక్కు తీసి, జాగా ఎవరిదని అడిగాను. "మాదే. మా మామ కాలం నుంచి ఈడనే మేపుతున్నం" అంది. ఇంతలో ప్రహరీ పక్క గదిలోంచి తెల్లగడ్డం ముసలాయన మట్టికుండ పట్టుకుని వచ్చి ఒక వేప మొదట్లో నీళ్ళు పోశాడు. ఖాజామియా అని చెప్పింది మల్లమ్మ. బట్టీ నడిచిన రోజుల్లో సున్నం కాల్చినవాడు.

"మల్లమ్మ మాట వినకు అమ్మా. జాగ బట్టీ మాలిక్‌ది. మాలిక్ యాడున్నడో ఖుదాకు ఎర్క. సిమెంట్ వచ్చింది, చూనా బంద్ అయ్యింది. అందరు పోయిన్రు, నేనొక్కన్నే ఉన్న. ఈ వేప చెట్టుకు నీళ్ళు పోసుకుంట కూసున్న. బగీచా షురూ అయ్యింది గప్పుడే."

"అంటే మొదలుపెట్టింది మీరే?"

"ఇంకెవరు?"

"ఒక్క చెట్టుకు నీళ్ళు వోస్తె బగీచా అయితదా సాబ్?" అంది మల్లమ్మ. ఇద్దరూ నా ముందే వాదులాట పెట్టుకున్నారు. నేను రాసింది కొట్టేశాను.

మధ్యాహ్నం మల్లమ్మ ఇంట్లో అన్నం, పప్పుచారు, గడ్డపెరుగు. పెరుగు కలుపుకుంటూ నర్సమ్మ తాను వచ్చిన పని అడిగేసింది. "పార్కు జేస్తమన్నప్పుడు మీ గొడ్లను ఎల్లగొట్టలేదా?"

"ఎల్లగొట్టవోయిన్రు పెద్దమ్మా. ఏడాది లొల్లి జేసిన. మొక్కల కంప పీకి పడేసిన. డేవిడన్నతోని మాటల్లేకుండె."

"మల్ల ఎట్ల గలిసిన్రు?"

మల్లమ్మ ఆమెకు ఇంకో గరిటె పెరుగు వేసింది. "ఏమో పెద్దమ్మా, యాదికి లేదు" అంది. అడిగిన మూడు సంగతులకన్నా ముందు నేను కమిషనరు గారికి రాయాల్సింది ఆ ఒక్క ముక్కే. అది ఆమెకు గుర్తులేదు.

రెండున్నరకు డేవిడ్ గారు సైకిలు మీద వచ్చారు. సన్నటి మనిషి, ఫ్యాక్టరీ ఖాకీ బట్టల్లోనే ఉన్నారు. స్టేషనుకు రాలేకపోయినందుకు మూడుసార్లు సారీ చెప్పి, జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశారు. బాటలు, బెంచీలు, మధ్యలో గుండ్రంగా పూలమళ్ళు గీసిన ప్లాను. ఎదురుగా ఉన్న చోటికీ ఆ బొమ్మకూ ఎక్కడా పోలిక కుదరలేదు.

"ల్యాండ్ సర్కారుదే టీచరుగారూ. అప్లికేషన్ పెట్టినం, జవాబు రాలే" అన్నారు. ఎవరు మొదలుపెట్టారంటే, "అందరం కలిసే" అని, తరవాత గొంతు తగ్గించి, "నిజం చెప్పాల్నంటే నేనే" అన్నారు.

నోట్‌బుక్కులో మూడు ప్రశ్నల కింద తొమ్మిది జవాబులు చేరాయి. నీళ్ళు ఎవరు పోస్తున్నారన్నదానికీ ముగ్గురివీ మూడు మాటలే. అప్పుడే, మూడుంబావుకు, సందులోంచి వెనక్కి వస్తూ ఒక లారీ లోపలికి దూరింది. ఎక్కడో కూలగొట్టిన పాత ఇంటి రాళ్ళు, గచ్చు పెళ్ళలు, మట్టి. గుంట వైపు పోసేందుకు డ్రైవరు బండి తిప్పుతున్నాడు. మల్లమ్మ కొడవలి పట్టుకునే పరుగెత్తింది. "ఆపు! ఎవడు వొయ్యమన్నడ్రా ఈడ?"

చివరికి నాకొక సంగతి స్పష్టంగా అర్థమైందనుకున్నాను. చెత్త పోసేవాళ్ళు ఒకవైపు, బస్తీ ఒకవైపు. నేనూ వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను.

"నేనే పిలిపించిన మల్లమ్మా" అన్నారు డేవిడ్ గారు.

పార్కు చూడమని నన్ను పిలిచిన మనిషి ఆ గుంటను పూడ్చేయడానికి లారీని కూడా పిలిచాడు. ఆయన తన కారణం చెప్పారు. పోయిన నెల వాళ్ళ ఎదురింటి పాప కాలు జారి అందులో పడింది. బట్టలు ఉతుకుతున్నవాళ్ళు జుట్టు పట్టి లాగారు కనుక బతికింది. దోమలు సరేసరి. ఇంటింటా జ్వరాలు.

"బర్లు యాడ నీళ్ళు తాగాలె? గుంట పూడిస్తె గా కొంగ ఉంటదా, పిట్టలుంటయా? పిట్టల్లేంది పార్కంటవా?" అంది మల్లమ్మ. సందులోంచి పది పదిహేను మంది వచ్చారు. సగం మంది అటు, సగం మంది ఇటు.

డేవిడ్ గారు నావైపు తిరిగారు. "టీచరుగారూ, మీరు సైన్సు చదివినోళ్ళు. నిలిచిన నీళ్ళల్ల దోమలు పుడ్తయా పుట్టవా?"

"పుడతాయి" అన్నాను.

"గుంటల కప్పలున్నయ్, చేపలున్నయ్. అవి దోమ పిల్లల్ని తింటయా తినవా అక్కా?" అంది మల్లమ్మ.

"తింటాయి."

రెండువైపులవాళ్ళూ నన్ను కోపంగా చూశారు. ఎవరో వెనకనుంచి, "గీమెకేం దెల్వదు" అన్నారు. అది నిజమని నాకూ అనిపించింది. అంతవరకూ నేను పార్కు పక్షం. ఇప్పుడు ఆ పక్షం ఏదో నాకే తెలియలేదు.

లారీ డ్రైవరు జల్దీ తేల్చమని హారన్ కొట్టాడు. అప్పుడు చూశాను, మా నర్సమ్మ వెళ్ళి లారీ వెనక, గుంట గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"లెవ్వు పెద్దమ్మా! నువ్వెవరు?" అన్నాడు డ్రైవరు.

"నేనా? నాకేం సమ్మందం లేదు. పొద్దుగాల రైలుకొచ్చిన. గని లెవ్వ."

కొందరు నవ్వారు. ఆ నవ్వులో ఖాజామియా లారీ మీద చెయ్యి వేసి రాళ్ళు తడిమి చూశాడు. "అరే, ఇది పాత దేవిడీ పత్థర్, పెద్దోళ్ళ బంగ్లాది. నేను కాల్చిన చూనా గూడ దీంట్ల ఉన్నదేమో" అన్నాడు. ఒక రాయి దించుకుని, గుంటలో లోతున్న వైపు అంచుకు మోసుకెళ్ళి పెట్టాడు. మళ్ళీ వచ్చి ఇంకొకటి. మూడో రాయి బరువుగా ఉంటే రెండోవైపు డేవిడ్ గారు పట్టుకున్నారు. కాసేపటికి లారీని ప్రహరీ పక్కకు తిప్పించి అక్కడ పోయించారు. లోతున్న వైపు పిల్లలు జారిపడకుండా మోకాలెత్తు గోడ, ఏటవాలు వైపు బర్రెలకు దారి, అలా నడుస్తోంది పని. ఎవరు చెప్పారో నేను వినలేదు. నా చేతిలో ఎవరో తట్ట పెట్టారు. చీర దోపుకుని మట్టి మోశాను. అయిదున్నర దాకా మోస్తూనే ఉన్నాను. మేమెక్కాల్సిన సాయంత్రం రైలు వెళ్ళిపోయింది.

చేతులు కడుక్కుంటూ, గోడ కట్టాలని నిర్ణయించింది ఎవరని అడిగాను.

"మల్లమ్మ తగ్గింది గద" అన్నారు డేవిడ్ గారు.

"నేను తగ్గలే. డేవిడన్ననే ఒప్పుకున్నడు" అంది మల్లమ్మ.

ఖాజామియా, "నేను పత్థర్ మోసిన, అంతే" అన్నాడు.

ఆ రాత్రి డేవిడ్ గారింట్లో ఉన్నాం. రెండు గదుల అద్దె ఇల్లు. ఆయన భార్య మాకు లోపలి గది ఇచ్చేసింది. ఆదివారం పొద్దున ఆరింటికి లేచి మళ్ళీ బట్టీ జాగాకు వెళ్ళాను. మల్లమ్మ అప్పటికే బర్రెలను నీళ్ళలోకి దించి, రాళ్ళ సందుల్లో పేడ, మట్టి కలిపి మెత్తుతోంది. గోడ మీద ఒక లకుముకి పిట్ట కూర్చుని గుంటలోకి చూస్తోంది. కాసేపటికి డేవిడ్ గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. చర్చికి వెళుతూ చూసిపోదామని వచ్చి, వంకరగా ఉన్న ఒక రాయి సరిచేయబోయి చొక్కా నిండా సున్నం పూసుకున్నారు.

"అన్నా, చర్చికి పోతున్నవా, కూలికి పోతున్నవా?" అంది మల్లమ్మ.

ఆయన నవ్వి, ఈ గోడ పక్కన ఒక బెంచీ వేద్దామన్నారు. వేస్తే బర్రెలు ఎటు తిరగాలని ఆమె లేచింది. మళ్ళీ మొదలు. ఈసారి నన్నెవరూ ఏమీ అడగలేదు.

తొమ్మిదికి పది తక్కువకు ఫలక్‌నుమాలో బండి ఎక్కాం. ఆదివారం కనుక ఖాళీగా ఉంది. ఈ చోటు చూడదలచినవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. వానలు వెలిశాక వెళ్ళండి. పార్కు అని అడగకండి, చూనే కీ భట్టీ అనండి. తెల్లచీర కట్టుకోకండి. అది పార్కేనా అంటే మాత్రం నాకు తెలియదు. జాగా ఎవరిదో తెలియదు, ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కోపంతో పేడ పోసిన ఆమె వల్ల చెట్లు బతికాయి. చెట్లు నాటిన ఆయన గుంట పూడ్చబోయాడు. ఏ సంబంధమూ లేని మా నర్సమ్మ లారీకి అడ్డం కూర్చుంది. ఇది చూసి ఏం నేర్చుకున్నారని కమిషనరు గారు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క వాక్యం లేదు. (చెప్పకపోయినా ఆ సోమవారం ఆయన లారీల అడ్డా ఆపి మాకు ఒక ఏడాది గడువిచ్చారు. జవాబులు నచ్చి ఇచ్చారో, నా వాలకం చూసి జాలిపడి ఇచ్చారో అదీ తెలియదు.)

తిమ్మాపూర్ దాటాక నోట్‌బుక్కు తెరిచి కూర్చున్నాను. నర్సమ్మ పక్కకు జరిగి అందులోకి చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఏం రాస్తున్నవ్?"

"మన వీధిలో పార్కు కావాలన్నవాళ్ళ పేర్లు నర్సమ్మత్తా. రేపు ఇవ్వాలి."

"నా పేరున్నదా?"

"నువ్వు వద్దన్నావు కదా?"

"అన్న. ఇప్పుడు గూడ అంట. నా మేకలు యాడ మేస్తయో జూపెట్టేదాంక వద్దనే అంట." ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "గని పేరు రాయి. నేను లేకుంట మీరంత గూసోని ఏం మాట్లాడుకుంటరో నాకేమెర్క? వద్దన్నదని రాయి. గని రాయి."

పార్కు కావాలన్నవాళ్ళ పట్టికలో వద్దన్న మనిషి పేరు ఎలా రాయాలో నాకు తోచలేదు. అయినా పట్టిక చివర రాశాను. ఏదీ, యాడున్నదని అడిగి, నేను చూపించిన చోట వేలు పెట్టి, పైనున్న పేర్లతో పోల్చి చూసింది.

"గింత చిన్నగనా? జర పెద్దగ రాయి" అంది.

కొట్టేసి, పెద్దగా రాశాను.